ఇంట్లో విద్యుదయస్కాంత క్షేత్రాలు: కొలవడం, మూలం పట్టుకోవడం, తగ్గించడం

పక్క మేడ మీద సెల్ టవరు లేస్తే ఇంటిల్లిపాదికీ గుబులు పట్టుకుంటుంది. అదే ఇంట్లో మంచం తలవైపు గోడకు ఏసీ స్టెబిలైజర్ బిగించి ఉంటుంది, ఆ గోడ అవతల కరెంటు మీటరు, మెయిన్ బోర్డు ఉంటాయి. వాటి గురించి ఎవరూ అడగరు. 50 హెర్ట్జ్ మీటరు పట్టుకుని ఇల్లంతా తిరిగితే ముల్లు లేచేది ఇలాంటి చోట్లే, ఇంకా వైరింగులో తప్పు జరిగిన చోట. ఆ వైరింగు తప్పుల్లో కొన్ని షాకు కొట్టి ప్రాణం తీసేవి కూడా. అందుకే పని వరస ఇలా పెట్టుకోండి: ముందు కొలత, తర్వాత వైరింగు, ఆపైన వస్తువుల దూరం. డబ్బు పోసి కొనే కవచాల అవసరం దాదాపు ఏ ఇంట్లోనూ రాదు.

ముందు ఏది ఏమిటో

ఇంట్లో మనం చూడాల్సినవి మూడు, వాటికి మీటర్లు వేరు, మందులూ వేరు.

50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రం: తీగలో కరెంటు పారుతున్నప్పుడే ఉంటుంది. స్విచ్ ఆపితే పోతుంది. కొలత మైక్రోటెస్లాలలో. కొన్ని మీటర్లు మిల్లీగాస్‌లో చూపిస్తాయి, 10 మిల్లీగాస్‌లు ఒక మైక్రోటెస్లా. ఇటుక గోడ, కాంక్రీటు, చెక్క, ఏవీ దీన్ని ఆపవు.

50 హెర్ట్జ్ విద్యుత్ క్షేత్రం: వోల్టేజి ఉంటే చాలు, లైటు వెలగకపోయినా ఉంటుంది. మీటరు దూరానికి ఇన్ని వోల్టులు అని కొలుస్తారు. గోడలు దీన్ని బాగానే తగ్గిస్తాయి. సరైన ఎర్తింగ్ ఉన్న ఇనుప పైపు, మెటల్ బాడీ దాదాపు పూర్తిగా ఆపేస్తాయి.

రేడియో తరంగాలు: ఫోను, వైఫై, టవరు, మైక్రోవేవ్ ఓవెన్. చదరపు మీటరుకు ఇన్ని వాట్లు అని కొలుస్తారు.

ఇక పరిమితులు. అయనీకరణం చేయని వికిరణంపై పనిచేసే అంతర్జాతీయ కమిషన్ ఇక్నిర్ప్ 2010లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం సాధారణ ప్రజలకు 50 హెర్ట్జ్ దగ్గర 200 మైక్రోటెస్లాలు, మీటరుకు 5,000 వోల్టులు. ఇంట్లో నిలబడే చోట, పడుకునే చోట ఇంత రావడం జరగదు. మరి ఈ క్షేత్రాల మాట వచ్చినప్పుడు తరచూ వినిపించే 0.4 మైక్రోటెస్లాల అంకె ఎక్కడి నుంచి వచ్చింది? కొన్ని దేశాల అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, ఇంట్లో సగటున 0.3 నుంచి 0.4 మైక్రోటెస్లాలు దాటిన చోట పెరిగిన పిల్లల్లో రక్త క్యాన్సర్ కొంచెం ఎక్కువగా కనిపించింది. ఆ లెక్కల మీదే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో ఈ క్షేత్రాలను 2బి తరగతిలో పెట్టింది. క్యాన్సర్ కారకం కావచ్చునేమో, ఆధారం పరిమితం అని ఆ తరగతికి అర్థం. కారణం ఇదేనని తేలలేదు, శరీరంలో ఇది ఎలా జరుగుతుందో చూపించిన వారూ లేరు. రేడియో తరంగాలను 2011లో అదే తరగతిలో పెట్టారు. ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించి 2024లో వెలువడిన సమీక్షలో మొబైల్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనిపించలేదు.

కాబట్టి 0.4ను ప్రమాద గీతగా చూడకండి. పిల్లలు గంటల తరబడి పడుకునే చోట సగటు అంతకు మించితే మూలం వెతకడానికి అదొక సూచన, అంతే. తక్కువ ఖర్చుతో తగ్గేది తగ్గించుకోవడంలో తప్పు లేదు. భయపడి ఇల్లు మారడం మాత్రం దండగ.

చేతిలో ఏం ఉండాలి

మూడు అక్షాల గాస్ మీటరు (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచేది) ఒకటి. కొనేటప్పుడు మూడు సంగతులు చూడండి: 50 హెర్ట్జ్ దగ్గర పనిచేస్తుందని రాసి ఉండాలి, 0.01 మైక్రోటెస్లా వరకు చూపించాలి, మూడు అక్షాలూ ఒకేసారి కొలవాలి. ఒకే అక్షం మీటరు దొరికితే పనికిరాకపోదు. ఒకే బిందువు దగ్గర మూడు దిశల్లో తిప్పి మూడు రీడింగులు తీసుకుని, ఒక్కోదాన్ని వర్గం చేసి, కూడి, వర్గమూలం తీయాలి. 0.2, 0.3, 0.1 వస్తే అసలు విలువ సుమారు 0.37. ఒక్క దిశలో పెట్టి 0.1 చూసి సంతోషపడితే మోసపోయినట్లే.

ఫోన్‌లో దొరికే ఈఎంఎఫ్ (విద్యుదయస్కాంత క్షేత్రం) యాప్‌లను నమ్మకండి. అవి వాడేది దిక్సూచి కోసం ఫోన్‌లో పెట్టిన సెన్సరు. మన ప్రాంతంలో భూమి సొంత అయస్కాంత క్షేత్రమే సుమారు 40 మైక్రోటెస్లాలు. యాప్ చూపించే 40, 45 అదే. కరెంటు తీగ నుంచి వచ్చే, సెకనుకు 50 సార్లు ఊగే క్షేత్రాన్ని అది సరిగ్గా పట్టలేదు. ఇనుప బీరువా పక్కన ఆ అంకె పెరిగితే ఇనుము వల్లే.

మీటరుతో పాటు మల్టీమీటరు, మిల్లీ ఆంపియర్లు కూడా చూపించే లీకేజి క్లాంప్ మీటరు (తీగను నోట్లో పట్టుకుని కరెంటు కొలిచేది), టేపు, కాగితం, 1,000 వాట్ల ఇస్త్రీపెట్టె. ఇస్త్రీపెట్టె ఎందుకంటే ఆన్ చేయగానే సుమారు 4.3 ఆంపియర్లు నిలకడగా లాగుతుంది, పరీక్షకు మంచి లోడు. వేడెక్కాక దాని థర్మోస్టాట్ ఆపేస్తుంది కనుక రీడింగు త్వరగా తీసుకోవాలి.

కొలత ఎలా తీయాలి

1. కాగితం మీద ఇంటి ప్లాను గీయండి. మంచాల తలవైపు, ఉయ్యాల, చదువుకునే బల్ల, సోఫా గుర్తించండి. రోజూ నాలుగైదు గంటలు మనిషి ఉండే చోట్లే ముఖ్యం. వంటింట్లో మిక్సీ దగ్గర రెండు నిమిషాలు వచ్చే పెద్ద అంకె కన్నా దిండు దగ్గర రాత్రంతా ఉండే చిన్న అంకెకు విలువ ఎక్కువ.

2. మెయిన్ ఆపండి. ఇన్వర్టరు కూడా ఆపండి. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. మెయిన్ ఆపగానే ఇన్వర్టరు బ్యాటరీ మీద అందుకుంటుంది, ఫ్యాన్లు, లైట్లు తిరుగుతూనే ఉంటాయి. రెండూ ఆగాక ఒక్కో గదిలో మధ్యన ఒక మీటరు ఎత్తులో, ఆపైన దిండు ఎత్తులో రీడింగు రాయండి. ఇప్పుడు కనిపించేది బయటి నుంచి వచ్చేది: వీధి లైను, ట్రాన్స్‌ఫార్మర్, పక్క ఇల్లు, కింది అంతస్తు.

3. రెండూ ఆన్ చేసి, మామూలుగా నడిచే లోడు పెట్టండి. ఏసీ ఉన్న ఇంట్లో వేసవి రాత్రి ఎనిమిది తర్వాత, గీజరు ఉన్న ఇంట్లో పొద్దున కొలవాలి. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు తీసిన రీడింగు ఏమీ చెప్పదు.

4. ఎక్కువ వచ్చిన చోట మీటరును నెమ్మదిగా జరపండి. ఒక అడుగులోనే సగానికి పైగా పడిపోతే పక్కనే ఉన్న వస్తువు కారణం. గది ఈ మూల నుంచి ఆ మూలకు మెల్లగా మాత్రమే తగ్గితే వైరింగులో జతలేని కరెంటు (ఫేజు, న్యూట్రల్ పక్కపక్కన పోకుండా ఒంటరి తీగలో పారేది) గానీ బయటి లైను గానీ కారణం. నేల దగ్గర ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ అయితే కింది అంతస్తు నుంచి వస్తోంది. ఈ ఒక్క పరీక్షతో సగం వెతుకులాట తగ్గిపోతుంది.

5. ఒక్కో ఎంసీబీ (బోర్డులో ఒక్కో సర్క్యూట్‌కు ఉండే స్విచ్) ఆపుతూ ఎక్కడ పడిపోతుందో చూడండి. ఆ సర్క్యూట్ పేరు రాసుకోండి.

యూరప్‌లో ఇళ్ల సగటు 0.025 నుంచి 0.07, అమెరికాలో 0.055 నుంచి 0.11 అని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన అంకెలు. మీ దిండు దగ్గర 0.1 లోపు వస్తే ఆ గదిని వదిలేయండి. 0.2, 0.3 వస్తే తేలికగా తగ్గేది ఉందేమో చూడండి. 0.4 దాటి రాత్రంతా నిలబడితే మూలం పట్టుకునేదాకా వెతకండి.

వైరింగు: అసలు పని ఇక్కడే

ఒంటరి తీగ చుట్టూ క్షేత్రం ఎంతో లెక్క సులువే. ఆంపియర్లను 0.2తో గుణించి, మీటర్లలో దూరంతో భాగిస్తే మైక్రోటెస్లాలు. ఒక ఆంపియరు, అర మీటరు దూరం: 0.4. రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు లాగే కరెంటు అంతే.

ఫేజు, న్యూట్రల్ ఒకే పైపులో పక్కపక్కనే పోతే కథ మారిపోతుంది. ఒకదానిలో కరెంటు పోతుంది, రెండోదానిలో వస్తుంది, రెండింటి క్షేత్రాలూ కొట్టేసుకుంటాయి. మిగిలేది తీగల మధ్య ఎడాన్ని బట్టి. 2 కిలోవాట్ల గీజరు సుమారు 9 ఆంపియర్లు లాగుతుంది. దాని తీగల మధ్య 5 మిల్లీమీటర్ల ఎడం ఉందనుకుంటే అర మీటరు దూరంలో 0.036 మైక్రోటెస్లా మాత్రమే. తొమ్మిది ఆంపియర్ల జత తీగ కన్నా ఒక్క ఆంపియరు ఒంటరి తీగ పదిరెట్లు ఎక్కువ క్షేత్రం ఇస్తుందన్నమాట. ఇంట్లో తగ్గించుకోగలిగిన దానిలో పెద్ద వాటా ఇక్కడే దాక్కుని ఉంటుంది.

ఒంటరి తీగ ఎలా తయారవుతుంది? మన ఇళ్లలో మూడు దారులు.

మొదటిది ఇన్వర్టరు. ఇల్లు కట్టి పూర్తయిన తర్వాత ఇన్వర్టరు పెట్టిస్తారు. ఎలక్ట్రీషియన్ ఇన్వర్టరు నుంచి ఒక్క ఫేజు తీగ మాత్రం గదులకు లాగుతాడు, న్యూట్రల్ పాతదే ఉంచేస్తాడు. ఫేజు ఒక గోడలో, న్యూట్రల్ ఇంకో గోడలో. ఆ రెండింటి మధ్య గది మొత్తం ఒక పెద్ద చుట్టు అవుతుంది. పట్టుకోవడానికి: ఇన్వర్టరు మీద నడిచే ఫ్యాన్లు, లైట్లు అన్నీ వేసి, గదిలోకి వెళ్లే ఆ పైపులోని తీగలన్నిటినీ కలిపి క్లాంప్ మీటరు నోట్లో పెట్టండి. సున్నాకు దగ్గరగా రావాలి. అర ఆంపియరో, ఒక ఆంపియరో వస్తే న్యూట్రల్ వేరే దారిన పోతోంది. మరమ్మతు: ఇన్వర్టరు అవుట్‌పుట్ నుంచి ఫేజుతో పాటు న్యూట్రల్ కూడా అదే పైపులో లాగి, ఇన్వర్టరు సర్క్యూట్లకు బోర్డులో విడిగా న్యూట్రల్ లింకు (న్యూట్రల్ తీగలన్నీ కలిసే పట్టీ) పెట్టించాలి. లైట్లు, ఫ్యాన్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చాలు. ఆ గదుల పాత న్యూట్రల్‌ను మెయిన్ లింకు నుంచి విడదీయడం మరిచిపోతే చేసిన పనంతా వృథా, కరెంటు మళ్లీ రెండు దారుల్లో పంచుకుంటుంది. పైపులో చోటు లేకపోతే రెండు తీగలనూ మెలిపెట్టి పైన కేసింగ్‌లో వేయండి.

రెండోది మెట్ల లైటు. కింద ఒక స్విచ్, పైన ఒకటి. ఫేజు కింది బోర్డు నుంచి, న్యూట్రల్ దగ్గరగా ఉందని పై అంతస్తు నుంచి తీసుకుంటారు. మెట్లు చుట్టిన మేరా చుట్టు ఏర్పడుతుంది. రెండు అంతస్తులకు వేర్వేరు మీటర్లు ఉంటే ప్రమాదం కూడా: పైవాళ్లు మెయిన్ ఆపి పని చేస్తుంటే కింది నుంచి వచ్చే కరెంటు వాళ్ల న్యూట్రల్‌లో ఉంటుంది. ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకే బోర్డు నుంచి, ఒకే పైపులో రావాలి.

మూడోది అన్నిటికన్నా చెడ్డది, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ లింకు. ఇంటికి ఎర్తింగ్ గొయ్యి లేకపోతే, సాకెట్ వెనక న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకు చిన్న తీగ ముక్క కలిపేస్తారు. మీటరు దగ్గర న్యూట్రల్ తెగిన రోజున ఫ్రిజ్ బాడీ, వాషింగ్ మెషీన్ బాడీ, గీజరు పైపు అన్నిటికీ 230 వోల్టులు వస్తాయి. ఊళ్లలో న్యూట్రల్ పోయినప్పుడు బోరు పైపు నుంచో, నేలలో దిగ్గొట్టిన ఊచ నుంచో తీగ లాగి నడిపిస్తుంటారు. అదీ ఇంతే ప్రాణాంతకం. ఈ లింకుల వల్ల కరెంటు కొంత భూమి ద్వారా, నీటి పైపుల ద్వారా తిరిగి పోతుంది, తీగలో జత తప్పుతుంది, ఇల్లంతా క్షేత్రం పరుచుకుంటుంది. పట్టుకోవడానికి: మెయిన్, ఇన్వర్టరు ఆపి, ప్లగ్గులన్నీ పీకి, లోపలికి వచ్చే న్యూట్రల్‌ను బోర్డులో విప్పించి, న్యూట్రల్ లింకుకూ ఎర్త్ పట్టీకీ మధ్య మల్టీమీటరుతో నిరోధం చూడాలి. మెగాఓమ్‌లలో ఉండాలి. కొన్ని ఓమ్‌లే చూపిస్తే ఎక్కడో లింకు ఉంది. సర్క్యూట్ల న్యూట్రల్ తీగలను ఒక్కొక్కటే విప్పుతూ పోతే ఏ సర్క్యూటో తెలుస్తుంది.

ఇది బోర్డు మూత తీసి చేసే పని. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చేయించండి, మీరు పక్కన నిలబడి రీడింగులు రాసుకోండి. మెయిన్ ఆపినా మీటరు వైపు నుంచి వచ్చే తీగలో కరెంటు ఉంటుందని మరిచిపోవద్దు.

మొత్తం ఇంటికి ఒకే పరీక్ష కావాలంటే, మీటరు నుంచి వచ్చే ఫేజు, న్యూట్రల్ రెండింటినీ కలిపి క్లాంప్‌లో పెట్టి ఇస్త్రీపెట్టె వేయండి. మూడు ఫేజుల ఇల్లయితే నాలుగు తీగలూ కలపాలి. కొన్ని మిల్లీ ఆంపియర్లు రావడం మామూలే, టీవీ, కంప్యూటర్ల ఫిల్టర్ల నుంచి అంత కారుతుంది. వంద మిల్లీ ఆంపియర్లు దాటితే వదలొద్దు.

30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు దారి తప్పితే సరఫరా ఆపేసే స్విచ్) ఇంట్లో ఉంటే ఈ తప్పుల్లో చాలావరకు వాటంతటవే బయటపడతాయి. జత తప్పిన కరెంటును గుర్తించడమే దాని పని. కొత్తగా బిగించిన ఆర్‌సీసీబీ పదేపదే పడిపోతోందని చెప్పి దాన్ని పీకి, నేరుగా కలిపేసే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. ఒప్పుకోకండి. అది పడిపోతోందంటే పైన చెప్పిన మూడింటిలో ఒకటో, నిజమైన లీకేజీయో ఉంది. దాన్ని వెతికించండి.

ఎర్తింగ్ బాగుంటే విద్యుత్ క్షేత్రం సంగతీ తేలిపోతుంది. మూడు పిన్నుల సాకెట్‌లో ఫేజుకూ పై పెద్ద పిన్నుకూ మధ్య 230 దరిదాపుల్లో, న్యూట్రల్‌కూ పెద్ద పిన్నుకూ మధ్య రెండు మూడు వోల్టుల లోపు రావాలి. ఆ సాకెట్‌లోనే ఇస్త్రీపెట్టె నడుస్తుండగా కూడా న్యూట్రల్, ఎర్త్ మధ్య కచ్చితంగా సున్నా వస్తే అనుమానించండి, వెనక లింకు ఉండొచ్చు. ఎర్త్ టెస్టరుతో గొయ్యి నిరోధం 5 ఓమ్‌ల లోపు ఉంటే మంచిది. రాయలసీమ, తెలంగాణ మెట్ట నేలల్లో వేసవిలో గొయ్యి ఎండిపోయి నిరోధం పెరుగుతుంది. బొగ్గు, ఉప్పు వరసలతో కట్టిన గొయ్యికి వేసవంతా నీళ్లు పోస్తుండాలి. ల్యాప్‌టాప్ ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు మెటల్ మూత మీద చెయ్యి వేస్తే జిమ్మంటోందంటే చాలాసార్లు ఆ సాకెట్‌కు ఎర్త్ లేకపోవడమే కారణం.

వస్తువులు: జరిపితే చాలు

ట్రాన్స్‌ఫార్మర్, మోటారు ఉన్న వస్తువుల క్షేత్రం దూరంతో చాలా వేగంగా పడిపోతుంది. దూరం రెట్టింపు అయితే ఇంచుమించు ఎనిమిదో వంతు. 30 సెంటీమీటర్ల దగ్గర 4 మైక్రోటెస్లాలు ఉంటే 60 దగ్గర 0.5, 120 దగ్గర 0.06. అందుకే ఇక్కడ ఖర్చు లేదు, మంచమో పెట్టెనో జరపడమే.

ముందు ఏసీ స్టెబిలైజర్. లోపల పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, ఏసీ కరెంటు మొత్తం దాని గుండా పోతుంది, రాత్రంతా నడుస్తుంది. తలకు ఒకటిన్నర మీటర్ల దూరం ఉంచండి. పాత తరహా ఇన్వర్టరూ అంతే, ఛార్జింగ్ అవుతున్నప్పుడు కొలవండి. ఇన్వర్టరును పడకగదిలో పెట్టకపోవడానికి ఇంకో గట్టి కారణం ఉంది: లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది. గోడ అవతల ఫ్రిజ్, మెయిన్ బోర్డు, మీటరు బోర్డు, సోలార్ ఇన్వర్టరు ఉంటే మంచం తలను వేరే గోడకు తిప్పండి. సోలార్ ప్యానెళ్ల డీసీ తీగలు రెండూ పక్కపక్కనే రావాలి. పిడుగు పడినప్పుడు పరికరాలకు జరిగే నష్టం కూడా దానివల్ల తగ్గుతుంది.

తలకు ఆనించి వాడే హెయిర్ డ్రయర్ 3 సెంటీమీటర్ల దగ్గర 6 నుంచి 2,000 మైక్రోటెస్లాల దాకా ఇవ్వగలదు, 30 సెంటీమీటర్ల దగ్గర 7 దాటదు. వాడకం నిమిషాలే కాబట్టి దీని గురించి బెంగ వద్దు. ఇస్త్రీపెట్టె 30 సెంటీమీటర్ల దగ్గర 0.12 నుంచి 0.3. సీలింగ్ ఫ్యాను మంచానికి రెండు మీటర్ల పైన ఉంటుంది, లెక్కలోకి రాదు.

వంటింట్లో ఇండక్షన్ పొయ్యి వేరే జాతి. 20 కిలోహెర్ట్జ్‌కు పైన పనిచేస్తుంది, 50 హెర్ట్జ్ మీటరుతో కొలిచిన అంకెకు అర్థం ఉండదు. గిన్నె అడుగు చదునుగా, లోపలి కాయిల్ వలయం మొత్తాన్ని కప్పేలా, సరిగ్గా మధ్యలో ఉంటే బయటికి చిందే క్షేత్రం తక్కువ. చిన్న పాల గిన్నె పెద్ద వలయం మీద పెడితే, అడుగు వంగిన పాత పాత్ర పెడితే ఎక్కువ. కడుపు ఆనించి నిలబడే అలవాటు మానండి, ఒక జానెడు వెనక్కి జరిగినా బాగా తగ్గుతుంది. పేస్‌మేకర్ ఉన్నవారు ఇండక్షన్ పొయ్యికి 60 సెంటీమీటర్లు, ఫోన్‌కు 15 సెంటీమీటర్ల దూరం పాటించాలి. తమ డాక్టరు వేరేగా చెబితే అదే పాటించాలి.

మైక్రోవేవ్ ఓవెన్ తలుపు బయట 5 సెంటీమీటర్ల దగ్గర చదరపు మీటరుకు 50 వాట్లు మించి రాకూడదన్నది అంతర్జాతీయ ప్రమాణం. కండిషన్ బాగున్న ఓవెన్ అంతకన్నా చాలా తక్కువే వదులుతుంది. తలుపు వంగినా, కీలు వదులైనా, అంచుల్లో జిడ్డు గట్టిపడినా బయటికి వచ్చేది పెరుగుతుంది. అంచుల్ని తడిగుడ్డతో తుడుస్తుండండి. తలుపు మధ్య కాగితం పెట్టి మూసి లాగితే ఊరికే జారి వస్తే కీలు చూపించండి. లోపల ఫోన్ పెట్టి కాల్ చేసి చూసే పరీక్ష నమ్మదగింది కాదు, ఫోన్ అతి బలహీనమైన సిగ్నల్‌నూ అందుకోగలదు.

ఫోను, వైఫై

వైఫై రౌటరు సుమారు 0.1 వాటు వదులుతుందనుకుందాం. ఒక మీటరు దగ్గర చదరపు మీటరుకు 0.008 వాటు, మూడు మీటర్ల దగ్గర 0.0009. అదీ ఆపకుండా పంపుతుంటే. నిజానికి ఎక్కువ సమయం నిశ్శబ్దంగా ఉంటుంది. రేడియో తరంగాలకు పెట్టిన పరిమితితో పోలిస్తే ఇది చాలా చిన్నది. పడక మీద కాకుండా హాల్లో, ఎత్తులో పెట్టండి, సిగ్నల్ కూడా బాగా పంచుకుంటుంది. అంతకుమించి ఏమీ అక్కర్లేదు.

శరీరానికి అందే రేడియో శక్తిలో ఎక్కువ వాటా చెవికి ఆనించుకునే సొంత ఫోనుదే. 4జీ ఫోను గరిష్ఠంగా 0.2 వాటు పంపుతుంది, కానీ టవరు సిగ్నల్ బాగుంటే అందులో చిన్న భాగంతోనే పని జరుపుకుంటుంది. సిగ్నల్ బలాన్ని డీబీఎంలలో చెబుతారు; అది మైనస్ 80 నుంచి మైనస్ 110 డీబీఎంకు పడిపోవడమంటే వెయ్యో వంతు కావడం, ఫోను దానికి తగ్గట్టు గొంతు పెంచుతుంది. సెట్టింగ్స్‌లో సిమ్ స్టేటస్‌లో ఈ అంకె కనిపిస్తుంది. సెల్లారులో, లిఫ్టులో, పల్లెలో ఒక గీత సిగ్నల్ దగ్గర పొడుగు మాటలు స్పీకరు మీదో వైర్ ఇయర్‌ఫోన్‌తోనో మాట్లాడండి. దిండు కింద ఫోన్ పెట్టుకోవడం మానండి, వేడెక్కి కాలే ప్రమాదం కూడా ఉంది. మన దేశంలో ఫోన్ల ఎస్‌ఏఆర్ (శరీరం పీల్చుకునే రేడియో శక్తి) పరిమితి కిలోకు 1.6 వాట్లు, ఒక గ్రాము కణజాలం మీద సగటు. *#07# కొడితే మీ ఫోనుది కనిపిస్తుంది.

ఫోన్ వెనక అంటించే రేడియేషన్ స్టిక్కర్లు, చిప్‌లు కొనవద్దు. నిజంగా తరంగాలను ఆపేదైతే ఫోను సిగ్నల్ కోసం ఇంకా గట్టిగా పంపుతుంది. ఆపనిదైతే డబ్బు దండగ. గోడలకు అల్యూమినియం ఫాయిలు, కవచం పెయింటు వేసినా ఇదే జరుగుతుంది: లోపల ఉన్న ఫోన్లు బలం పెంచుతాయి. 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రాన్ని ఆ ఫాయిలు ఆపనే ఆపదు.

గడప బయట

మెయిన్, ఇన్వర్టరు ఆపినా రీడింగు ఎక్కువగా ఉంటే బయట చూడండి. అపార్ట్‌మెంట్లలో స్టిల్ట్ ఫ్లోర్‌లో అందరి మీటర్లూ, బస్‌బార్లూ (కరెంటు పంచే లావు లోహపు పట్టీలు) ఒకే గోడకు ఉంటాయి. సరిగ్గా వాటి మీది ఫ్లాట్‌లో నేల దగ్గర రీడింగు లేస్తుంది. ఆ చోట పరుపు నేల మీద వేసి పిల్లల్ని పడుకోబెట్టకండి, మంచం వేరే మూలకు మార్చండి.

వీధిలో విడివిడి తీగల ఎల్‌టీ లైను (ఇళ్లకు కరెంటు ఇచ్చే తక్కువ వోల్టేజి లైను) ఉంటే, తీగల మధ్య ఎడం వల్ల క్షేత్రం ఎక్కువ దూరం వ్యాపిస్తుంది. అన్ని తీగలూ మెలితిప్పి ఉండే ఏబీ కేబుల్ వేస్తే బాగా తగ్గుతుంది, తీగ తెగిపడే ప్రమాదమూ తగ్గుతుంది. దీని కోసం మీ డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) ఏఈకి వీధివాళ్లంతా కలిసి అర్జీ పెట్టుకోవచ్చు, 1912కు కూడా చెప్పవచ్చు. 11 కేవీ లైను ఇంటి పక్కన పోతుంటే రీడింగు కన్నా ముందు టేపు కావాలి: గోడకూ తీగకూ అడ్డంగా 1.2 మీటర్లు, మేడ మీద నిలువుగా 3.7 మీటర్ల ఎడం ఉండాలన్నది నిబంధన. బాల్కనీ ముందుకు లాగి ఆ ఎడం మింగేసిన ఇళ్లలో ఇనుప ఊచ, తడి బట్ట, పతంగి దారం మనిషిని చంపుతాయి. ఆ తీగను మీరు టేపుతో కొలవకండి, లైన్‌మన్‌ను పిలవండి.

టవరు సంగతి. యాంటెన్నా ముందుకు, కొద్దిగా కిందికి వంచి ఉంటుంది. 30 మీటర్ల ఎత్తులో 6 డిగ్రీలు వంచితే ప్రధాన కిరణం నేలను తాకేది సుమారు 285 మీటర్ల అవతల. కాబట్టి టవరు సరిగ్గా కింద ఉన్న ఇల్లు అంత చింత పడాల్సిన చోటు కాదు. చూడాల్సింది యాంటెన్నాకు ఎదురుగా, అదే ఎత్తులో, దగ్గరగా ఉన్న పై అంతస్తు కిటికీ. దేశంలో టవర్ల పరిమితిని 2012 సెప్టెంబరు 1 నుంచి ఇక్నిర్ప్ విలువలో పదో వంతుకు కుదించారు: 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకు 0.45 వాటు, 1,800 దగ్గర 0.9.

అనుమానం ఉంటే చౌక మీటర్లతో కుస్తీ పట్టవద్దు. టెలికాం శాఖ 2017లో తెచ్చిన తరంగ్ సంచార్ పోర్టల్‌లో మీ ప్రాంతం పెట్టి చూస్తే చుట్టూ ఉన్న టవర్లు, అవి నిబంధనకు లోబడి ఉన్నాయో లేదో కనిపిస్తాయి. మీ చోట కొలిపించుకోవాలంటే అందులోనే దరఖాస్తు చేసి రుసుము కట్టాలి, మొదట్లో దాన్ని 4,000 రూపాయలుగా పెట్టారు. సిబ్బంది వచ్చినప్పుడు మేడ మీద ఒక్క చోట కొలిచి వెళ్లనివ్వకండి. యాంటెన్నాకు ఎదురుగా ఉన్న గదిలో, కిటికీ తెరిచి, మంచం ఉన్న చోట కూడా కొలవమని అడగండి. రిపోర్టులో ఏ చోట ఎంత వచ్చిందో, ఆ బ్యాండ్‌కు వర్తించే పరిమితి ఎంతో రెండూ ఉన్నాయో చూసుకుని తీసుకోండి.